కోణార్క ఎందుకు కూలింది, సింహాచలం ఎందుకు నిలిచింది

సింహాచలంలోని వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయం నేడు మనకు కనిపించే రూపాన్ని ప్రధానంగా 13వ శతాబ్దంలో, తూర్పు గాంగ రాజుల ఏలుబడిలో సంతరించుకుంది. అదే శతాబ్దంలో, అదే వంశానికి చెందిన మొదటి నరసింహదేవుడు కోణార్కలో సూర్యదేవాలయాన్ని కట్టించాడు. రెండూ కళింగ శిల్ప సంప్రదాయపు నీడలో పెరిగినవే, రెండూ తూర్పు తీరపు ఉప్పుగాలికీ తుఫానులకూ తలవంచవలసినవే. ఏడున్నర శతాబ్దాలు గడిచాక సింహాచలంలో చందనోత్సవం నాడు కొండ కిక్కిరిసిపోతుంది. కోణార్కలో గర్భగుడి మీది శిఖరం లేదు, మిగిలిన జగమోహనం (గర్భగుడి ముందరి మండపం) లోపలి భాగాన్ని ఇసుకతో నింపి ద్వారాలు మూసివేయవలసి వచ్చింది. రాజు పెట్టిన సొమ్ము, శిల్పుల సాహసం, రాతి పని నాణ్యత ఏ లెక్కన చూసినా కోణార్కదే పైచేయి. అయినా కూలిపోయింది అదే.

గొప్ప కట్టడాల గురించి మనవారి మధ్య మాట వచ్చినప్పుడల్లా సాధారణంగా రెండు అభిప్రాయాలు వినిపిస్తాయి. పాతకాలం వారు గట్టిగా కట్టారు కాబట్టి వారి కట్టడాలు నిలిచాయన్నది మొదటిది. నిలవనివాటిని శత్రువులు పడగొట్టారన్నది రెండవది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ కలిసినా విషయం తేలదు. మొదటి అభిప్రాయంలో ఒక లోపం దాగి ఉంది. పాతకాలపు కట్టడాలలో మనం చూస్తున్నవి మిగిలినవే కనుక, వాటిని బట్టి ఆనాటి పనితనాన్నంతా అంచనా వేస్తున్నాం. కూలిపోయిన వేలాది గోడలు, జారిపోయిన కప్పులు, పునాదిలోనే కుంగిన గోపురాలు లెక్కలోకి రావడం లేదు. రెండవ అభిప్రాయం చరిత్రలో తేదీలతో సహా నమోదైన విధ్వంసాన్ని మాత్రమే చూస్తుంది. చప్పుడు లేకుండా, వంద రెండువందల ఏళ్ల పాటు ఒక్కొక్క రాయే జారిపోవడాన్ని ఎవరూ శాసనంగా చెక్కించరు.

కోణార్కకు జరిగింది ఈ చప్పుడు లేని పతనమే. అక్కడ పూజలు ఆగిపోయిన తరువాత గుడికి మనుషులతో పని లేకపోయింది. ముందు నిలిచిన అరుణస్తంభాన్ని 18వ శతాబ్దంలో మరాఠాల కాలంలో పూరీకి తరలించి జగన్నాథాలయం సింహద్వారం ఎదుట నిలిపారు. ఇప్పటికీ అది అక్కడే ఉంది. 1837లో వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ వచ్చి చూసినప్పుడు ప్రధాన శిఖరంలో ఒక మూల మాత్రమే నిలిచి ఉంది, దానిని ఆయన బొమ్మ గీశాడు. ఆ మిగిలిన మూల కూడా 1848లో పెనుగాలికి పడిపోయింది. జగమోహనమైనా దక్కాలని 1903లో బ్రిటిషు ప్రభుత్వం దాని లోపల ఇసుక నింపించింది. శిఖరం అసలు పడిపోవడానికి మొదటి కారణం ఏమిటన్న దానిపై పండితులు ఇంకా వాదించుకుంటున్నారు: పునాది కుంగిందనేవారున్నారు, శిఖరం బరువును కారణంగా చూపేవారున్నారు, రాయి బలహీనతను పట్టుకున్నవారున్నారు. ఏది మొదటిదైనా, పగులు కనిపించిన ఏడాదే దానిని గమనించి, రాయి సర్ది, నీరు దిగకుండా పూడ్చవలసిన మనిషి అక్కడ లేడన్నది మాత్రం వివాదం లేని విషయం.

సింహాచలంలో ఆ మనిషి ఎప్పుడూ ఉన్నాడు. అక్కడి గోడల మీదా స్తంభాల మీదా ఉన్న వందలాది శాసనాలను చదివితే ఇది అర్థమవుతుంది. 11వ శతాబ్దపు చివరి నుంచి, అంటే కుళోత్తుంగ చోళుని కాలం నుంచి, ఇక్కడ శాసనాలు దొరుకుతున్నాయి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో వచ్చి వేయించిన శాసనం అందరికీ తెలిసినదే. కానీ ఆ రాజశాసనాల కన్నా నాకు ఆసక్తి కలిగించేవి సాధారణ దాతలవి: అఖండదీపం వెలిగించడానికి ఇన్ని మాడలు (ఆనాటి నాణేలు), నైవేద్యానికి ఇంత భూమి, తోటకు ఇంత, సేవకులకు ఇంత. ఇవి భక్తిని తెలిపే పత్రాలు కావడంతో పాటు కట్టడానికి కట్టిన బీమా పత్రాలు కూడా. దీపం ఆరకూడదంటే నూనె పోసేవాడు ప్రతిరోజూ రావాలి. ప్రతిరోజూ వచ్చేవాడి కంట కప్పు కారడం పడుతుంది. కప్పు కారితే బాగుచేయించడానికి మాన్యం మీది ఆదాయం ఉంది. రాజవంశాలు మారినా ఈ చిన్న చిన్న ఏర్పాట్లు మారలేదు, మారినప్పుడు మరొకరు తిరిగి కుదిర్చారు.

ఈ సూత్రం మన తీరానికే పరిమితం కాదు. రోమ్ నగరంలో హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, 2వ శతాబ్దంలో కట్టిన పాంథియన్ ఇప్పటికీ తన 43 మీటర్ల గుమ్మటంతో నిలిచి ఉంది. గుమ్మటం పైకి పోయే కొద్దీ తేలికైన రాళ్లు కలిపిన కాంక్రీటు వాడిన నేర్పు అందుకు ఒక కారణమైతే, 609లో దానిని క్రైస్తవ ప్రార్థనాలయంగా మార్చడం అంతకన్నా పెద్ద కారణం. అదే ఊళ్లోని కొలోసియంకు అలాంటి కొత్త యజమాని దొరకలేదు. 1349 భూకంపంలో దాని దక్షిణ భాగం కూలితే, పడిన రాళ్లను చర్చీలకూ భవంతులకూ తరలించుకుపోయారు. ఏథెన్స్‌లోని పార్థినాన్ కథ ఇంకా చిత్రమైనది. క్రీస్తుపూర్వం 432లో పూర్తయిన ఆ దేవాలయం తరువాత చర్చిగా, ఆ తరువాత మసీదుగా మారి, రెండువేల ఏళ్లకు పైగా నిలిచింది. 1687లో తుర్కులు అందులో తుపాకిమందు దాచి ఉండగా వెనిస్ సేనలు వేసిన గుండు తగిలి అది పేలిపోయింది. మతం మారినప్పుడల్లా బతికిన కట్టడం, ఆయుధాగారంగా మారిన నాడు చచ్చిపోయింది. ఇస్తాంబుల్‌లోని హగియా సోఫియాను తీసుకున్నా ఇంతే: 537లో పూర్తయిన దాని గుమ్మటం ఇరవై ఒక్క ఏళ్లకే 558లో కూలింది, మరికొంత ఎత్తుగా తిరిగి కట్టారు, తరువాతి శతాబ్దాలలో ఊతగోడలు చేర్చుతూనే వచ్చారు. నేడు మనం చూసి ఆశ్చర్యపోయే కట్టడం అసలు కట్టినవారిది ఎంతో, బాగుచేసినవారిది అంత.

మనకు దగ్గరలో హంపి ఉంది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరం పాడుపడింది. కానీ అదే ఊళ్లో విరూపాక్షాలయంలో పూజలు నడుస్తూనే ఉన్నాయి, గోపురానికి 19వ శతాబ్దంలో మరమ్మతులూ జరిగాయి. శిల్పంలో దానిని మించిన విఠ్ఠలాలయం మాత్రం దేవుడు లేని గుడిగా మిగిలిపోయింది. రాయల వారి రాజభవనాలకు ఆ పాటి అదృష్టం కూడా లేదు, పీఠాలు తప్ప ఏమీ కనిపించవు, ఎందుకంటే వాటి పైభాగమంతా కలప. ఈ కలప విషయం మామూలుగా మనం మరచిపోతాం. తొలినాటి భారతీయ వాస్తువు ఎక్కువగా కర్రతో కట్టినదే. పాటలీపుత్రపు కోటకు కర్ర ప్రాకారం ఉండేదని గ్రీకు రాయబారి మెగస్తనీసు రాశాడు. కార్లే, భాజా గుహలలో రాతి కప్పు కింద కర్ర దూలాల ఆకారాన్ని చెక్కడమో, నిజమైన దూలాలనే అమర్చడమో చేశారు. కర్ర పోయి రాయి మిగిలింది కనుక, ప్రాచీనులు గుళ్లూ స్తూపాలూ తప్ప మరేమీ కట్టలేదేమో అన్నంతగా మన ఊహ ఒక పక్కకు ఒరిగింది.

అయితే వాడకం ఒక్కటే రక్ష అనుకుంటే శ్రీకాళహస్తి గుర్తుకు రావాలి. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. అది పాడుపడిన గుడి కాదు. రాహుకేతు పూజలకు రోజూ వేలమంది వచ్చే చోటు. గోపురానికి పగుళ్లు ముందుగానే కనిపించాయి కూడా. కొత్త గోపురాన్ని అదే పోలికతో కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. తిరుమలలో ఆలయం ఎదుట ఉన్న వేయికాళ్ల మండపాన్ని 2003లో, జనం కదలికకు చోటు కావాలని తొలగించారు. దానిని పడగొట్టింది ఏ శత్రువూ కాదు. గుళ్లలో జీర్ణోద్ధరణ పేరుతో శిల్పాలకు ఎనామిల్ రంగులు పూయడం, రాతి స్తంభాల మీద గ్రానైటు పలకలు అతికించడం, పాత మండపం తీసి స్లాబు వేయడం మన జిల్లాలలో కూడా చూస్తూనే ఉన్నాం. భక్తుడికి కావలసింది దేవుడి నివాసం నిత్యనూతనంగా ఉండడం; పురావస్తు శాస్త్రవేత్తకు కావలసింది ఆనాటి ఉలి గుర్తు చెరగకుండా ఉండడం. ఇద్దరూ కట్టడాన్ని కాపాడుతున్నామనే అంటారు.

ఈ తగవును జపాన్‌వారు మరో విధంగా పరిష్కరించుకున్నారు. ఇసె పుణ్యక్షేత్రంలో ఇరవై ఏళ్లకొకసారి పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో అచ్చం అదే కొలతలతో కొత్త కర్రగుడి కట్టి, పాతదానిని విప్పేస్తారు. చివరిసారిగా 2013లో కట్టారు. అక్కడ ప్రాచీనమైనది కర్ర కాదు, వడ్రంగుల చేతి విద్య. ఐరోపా ఆలోచన దీనికి భిన్నమైనది. పాత కట్టడాల పరిరక్షణపై 1964లో రాసుకున్న వెనిస్ ఒడంబడిక ప్రకారం ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి, కొత్తగా చేర్చినది కొత్తదని తెలియాలి. రాతిని దృష్టిలో పెట్టుకొని రాసిన ఈ నియమాలు కర్రకూ మట్టికీ సరిపోవన్న చర్చ నుంచే, కట్టడం అసలుదనాన్ని ఆయా సంస్కృతిని బట్టి చూడాలనే నారా పత్రం 1994లో పుట్టింది. మన గుళ్లకు ఏ పద్ధతి సరిపోతుందో మనం ఇంకా కూర్చుని తేల్చుకోలేదని నా అభిప్రాయం. అందువల్ల ప్రతి ఊళ్లోనూ స్థపతి, అధికారి, దాత ఈ ముగ్గురిలో ఎవరి మాట చెల్లితే వారి సిద్ధాంతమే అమలవుతోంది.

దిక్కులేని కట్టడానికి వర్షం కన్నా ముందు వచ్చే ఆపద పక్కింటి తాపీపని. అమరావతి మహాస్తూపం ఇందుకు మనకు అన్నిటికన్నా బాధాకరమైన ఉదాహరణ. 18వ శతాబ్దపు చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే ఆ మట్టిగుట్టలో చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. అవి కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడలయ్యాయి, కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ చూసి, తరువాత మళ్లీ వచ్చి కొలతలూ చిత్రాలూ తీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా భాగం లండన్‌కు పోయి నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతిలో స్తూపం ఉండవలసిన చోట ఇప్పుడు మిగిలింది గుండ్రటి వేదిక మాత్రమే. నాయుడుగారిని నిందించడం సులభం. అయితే రోమ్ పాలకులు కూడా పాలరాతిని ఇదే విధంగా బట్టీలలో కాల్పించారు. చెక్కిన సున్నపురాయి ఎవరికీ దేవుడు కానప్పుడు అది సున్నపురాయే.

అమరావతికి పట్టిన గతి విశాఖ తీరపు బౌద్ధారామాలకు పట్టకపోవడానికి కారణం వాటిని అందరూ మరచిపోవడమే. భీమిలి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండ మీద సుమారు రెండువేల ఏళ్ల కిందట స్తూపాలు, చైత్యాలు, విహారాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉండేవి. అక్కడ శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరకడం ఈ తీరానికి సముద్ర వ్యాపారంతో ఉన్న సంబంధాన్ని తెలుపుతుంది. భిక్షువులు వెళ్లిపోయాక కొండ మీద మట్టి పేరుకుంది, పొదలు పెరిగాయి. దరిదాపుల్లో పట్టణం పెరగలేదు కనుక ఇటుకల కోసం కొండెక్కే అవసరం ఎవరికీ రాలేదు. 1976లో నౌకాదళం స్థావరం కోసం విమానం మీద నుంచి సర్వే జరిపినప్పుడు ఆ శిథిలాలు కంటపడ్డాయి. 1988 నుంచి 1992 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. అనకాపల్లి దగ్గర శంకరంలో ఉన్న బొజ్జన్నకొండ, లింగాలకొండల సంగతి కొంచెం వేరు. అక్కడి స్తూపాలలో చాలా వాటిని కొండరాతినే మలిచి చేశారు, కనుక ఎత్తుకుపోవడానికి వీలులేదు. 1907లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ తవ్వకాలు మొదలుపెట్టే నాటికి అవి ఏమిటో స్థానికులకు గుర్తులేదు; కనుమ నాడు కొండకు వచ్చి, అక్కడి విగ్రహాన్ని రాక్షసుడిగా ఎంచి రాళ్లు రువ్వే ఆచారం ఇటీవలి కాలం వరకు సాగింది. మరపు కాపాడగలదు గానీ, దానికి గౌరవం నేర్పే శక్తి లేదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దానిని తవ్వకాల సంబరంలో పట్టించుకునేవారు తక్కువ. మట్టి కింద ఉన్నంతకాలం ఇటుకకు తేమ, వేడి దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి. తవ్వి తీసిన రోజు నుంచి దానికి ఎండా వానా రెండూ తగులుతాయి. ఇటుకల మధ్య మట్టి అడుసు కరిగి జారిపోతుంది. సముద్రపు గాలి తెచ్చిన ఉప్పు లోపలికి ఇంకి, ఆరినప్పుడు స్ఫటికాలుగా గట్టిపడి ఇటుక పైపొరను పొట్టులా ఊడగొడుతుంది. 2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు తొట్లకొండ మహాస్తూపంలో కొంత భాగం కూలడానికి వెనుక ఉన్నది ఈ సాధారణ భౌతికశాస్త్రమే. తరువాత దానిని తిరిగి కట్టారు. మరచిపోయినంత కాలం బతికిన కట్టడాన్ని గుర్తుచేసుకున్న తరువాత బతికించాలంటే ప్రతి వానాకాలానికి ముందూ వెనుకా పని ఉంటుంది. ఆ పనికి ఏటా బడ్జెట్టు కావాలి, తవ్వకానికిచ్చినట్టు ఒక్కసారి ఇస్తే సరిపోదు.

నీటి సంగతి మరికొంత చెప్పాలి, ఎందుకంటే కట్టడాల చావుకు యుద్ధాల కన్నా నీరే ఎక్కువ కారణం. విశాఖ చుట్టూ ఉన్న కొండలు ఖొండలైటు అనే రాతితో ఏర్పడినవి. కోణార్కను కట్టిన ప్రధాన శిల కూడా ఇదే. చెక్కడానికి అనువైనదే గానీ ఇందులోని ఫెల్‌స్పార్ ఖనిజం నీటి తాకిడికి క్రమంగా బంకమన్నుగా మారిపోతుంది, అందువల్ల శిల్పాల ముక్కూ చెవీ చెరిగిపోతాయి. పూరీ జగన్నాథాలయం మీద తరతరాలుగా పూసిన సున్నపు పొరలు ఈ దాడిని కొంత అడ్డుకున్నాయి. 1975 నుంచి పురావస్తు సర్వేక్షణ శాఖ ఆ పొరలను ఊడదీయగా అద్భుతమైన శిల్పాలతో పాటు లోపలి రాతికి జరిగిన నష్టమూ బయటపడింది. ఇక రాతి సందులో పడిన రావి విత్తనం ఎంతటి గోపురాన్నయినా పదేళ్లలో చీల్చగలదు. మొక్కగా ఉన్నప్పుడు పీకేస్తే చాలు, చెట్టయ్యాక పీకితే గోడ కూడా వస్తుంది.

మరమ్మతు పేరుతో జరిగే హాని వేరే ఉంది. పాత గోడలకు వాడిన డంగు సున్నం లోపలి తేమను బయటికి పోనిస్తుంది, కాస్త కదలికను ఓర్చుకుంటుంది. పగులు కనిపించగానే సిమెంటుతో పూడిస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, పక్కనున్న ఇటుకే మెత్తబడి రాలుతుంది. సున్నం గానుగ ఆడించి, బెల్లపు నీరూ కరక్కాయ కషాయమూ కలిపి రోజుల తరబడి మాగబెట్టే తాపీమేస్త్రీలు కొద్దిమందే మిగిలారు. రాయి ఉండి చేయి లేకపోవడం కూడా ఒక రకమైన నష్టమే, కానీ దానిని ఏ జాబితాలోనూ రాయరు.

ఆనకట్టల కింద పోయినవాటి గురించి క్లుప్తంగా: నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు హడావుడిగా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించారు, శ్రీశైలం జలాశయం కారణంగా కూడవల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి అలంపురంలో తిరిగి నిలబెట్టారు. ఇవి ఈజిప్టులోని అబూ సింబెల్‌ను తరలించిన సాహసంతో పోల్చదగ్గవి. కావాలని చేసిన విధ్వంసమూ ఉన్నదే. 1323లో ఓరుగల్లు పడిన తరువాత స్వయంభూదేవాలయం నేలమట్టమై నాలుగు తోరణాలు మాత్రం నిలిచాయి. 2001లో బామియాన్ బుద్ధ విగ్రహాలను పేల్చివేయడం ప్రపంచమంతా చూసింది. ఇటువంటివి జ్ఞాపకంలో లోతుగా నాటుకుంటాయి, నాటుకోవాలి కూడా. కానీ సంఖ్యలో అవి తక్కువ. మన దేశంలో 2013లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సిబ్బంది కేంద్ర రక్షణలో ఉన్న 1,655 కట్టడాలను స్వయంగా వెళ్లి చూడగా 92 కనిపించలేదు. వాటి మీద ఎవరూ దండెత్తలేదు. ఊళ్లు పెరిగాయి, అంతే.

ఊరు పెరగడం అన్నది ఇప్పుడు విశాఖ పాతపట్నానికి సంబంధించిన మాట. కురుపాం మార్కెట్టు, టౌన్‌హాలు, వాటి చుట్టూ ఉన్న వీధులలో టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కప్పిన మద్రాసు టెర్రస్ మేడలు, పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా తగ్గుతున్నాయి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను కొన్నింటి పెంకులు లేపేసింది గానీ, ఎక్కువ ఇళ్లకు అసలు ప్రమాదం వారసుల సంఖ్య. నలుగురైదుగురు పంచుకోవలసిన మేడకు మరమ్మతు చేయించే ఖర్చు ఎవరూ భరించరు. అదే స్థలం బిల్డరుకు ఇస్తే ఒక్కొక్కరికి ఒక ఫ్లాటు వస్తుంది. భీమిలిలో డచ్చివారి సమాధులది దీనికి పూర్తి వ్యతిరేకమైన పరిస్థితి: 1825లో డచ్చివారు ఆ స్థావరాన్ని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు, వారసులే లేరు కనుక అమ్మేవారూ లేరు, చూసేవారూ లేరు.

పాత మేడల స్థానంలో వస్తున్న కాంక్రీటు భవనాలకు రెండువేల ఏళ్ల ఆశ పెట్టుకోవడానికి వీలులేదు. పాంథియన్ కాంక్రీటులో ఇనుము లేదు. మన స్లాబులలో ఉంది. సముద్రపు గాలిలోని క్లోరైడు కాంక్రీటు పొరను దాటి కడ్డీని చేరితే తుప్పు మొదలవుతుంది, తుప్పు అసలు ఇనుము కన్నా రెండింతల నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికి స్లాబు పెచ్చులు ఊడిపడతాయి. బీచ్ రోడ్డు దరిదాపుల్లో ఇల్లున్న వారెవరికైనా ఇది సన్‌షేడ్ల కింద కనిపించే దృశ్యమే. 20వ శతాబ్దపు మంచి కట్టడాలలో ఏవి తరువాతి తరాలకు చేరుతాయన్నది ఈ తుప్పుతో పోరాటానికి ఎవరు డబ్బు పెడతారన్న దాని మీద ఆధారపడి ఉంది. చట్టం ఈ విషయంలో అంతగా సాయపడదు. 2010లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే సాధ్యం; బొజ్జన్నకొండకు అది వర్తిస్తుంది. పాతపట్నంలోని సొంత మేడకు వర్తించదు. దాని సంగతి తేల్చేవి నగరపాలక సంస్థ ఇచ్చే ప్లాను అనుమతి, రిజిస్ట్రారు ఆఫీసులో కుదిరే డెవలప్‌మెంటు ఒప్పందం.